పథకం మారినా పని సాగాలంటే
కోయంబత్తూరు, మదురై నగరాల అనుభవం నుండి ఒక పాఠం

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు విజయనగర, నాయక రాజుల కాలం నుండి నివసిస్తున్నాయి. సేద్యం, నేత, వర్తకం, మిల్లు పని, నగర పారిశుద్ధ్యం - ఇలా ప్రతి వృత్తిలోనూ వారి శ్రమ ఉంది. ఉద్యోగం కోసం, చదువు కోసం ఈ మధ్యకాలంలో వచ్చి అద్దె ఇళ్లలో ఉంటున్న తెలుగువారూ ఉన్నారు. తరతరాలుగా ఉన్నవారికైనా, నిన్న వచ్చినవారికైనా నగరపాలక సంస్థ కార్యాలయంలో ఒక సమాధానం తరచుగా ఎదురవుతుంది: "ఆ పథకం ముగిసిపోయింది."

వీధికి మంజూరైన మంచినీటి గొట్టం, కాలువ, ఇల్లు పథకంతో పాటే ముగిసిపోవాలా? పథకాలు ఎందుకు మారుతాయి? మారినప్పుడు ఏ పనులు కొత్త పథకంలోకి చేరగలుగుతాయి, ఏవి మధ్యలో నిలిచిపోతాయి? వార్డులోని సామాన్య నివాసి చేయగలిగినది ఏమిటి? ఈ పాఠం వీటికి ఈ రెండు నగరాల చరిత్రలోనే సమాధానాలు వెతుకుతుంది.

1. నాలుగు దశాబ్దాలు నిరీక్షించిన నీరు

కోయంబత్తూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. పట్టణం పెరిగింది, బావుల నీరు చాలలేదు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో, పడమటి కనుమలలోని ముత్తికుళం కొండల నుండి సిరువాణి నీటిని పట్టణానికి తేవచ్చని వాదించినవారిలో ముఖ్యుడు ఎస్. పి. నరసింహులు నాయుడు (1854-1922). తెలుగు ఇంటిలో పుట్టి, తమిళంలో పత్రికలు నడిపి, గ్రంథాలు రచించిన ప్రజాసేవకుడాయన. ఆ ప్రతిపాదన ఆనాడు ఫలించలేదు. ఖర్చు ఎక్కువ, దూరం ఎక్కువ. పట్టణ నీటి సరఫరా ఆనాటి ప్రభుత్వ ప్రాధాన్యాలలో ముందు వరుసలో లేదు.

1919 సంస్కరణల తరువాత మద్రాసు రాష్ట్రంలో స్థానిక పరిపాలన ఎన్నికైన మంత్రుల అధీనంలోకి వచ్చింది. 1920లో జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చింది. అధికారం చేతులు మారడంతో పాత ప్రతిపాదనకు కొత్త ద్వారం తెరుచుకొన్నది. సి. ఎస్. రత్నసభాపతి మొదలియార్ వంటి పురపాలక నాయకుల పట్టుదల తోడై, ప్రతిపాదన పుట్టిన సుమారు నాలుగు దశాబ్దాలకు సిరువాణి నీరు పట్టణం చేరింది. తరువాత 1973లో తమిళనాడు, కేరళ రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరి, 1984 నాటికి సిరువాణి ఆనకట్ట పూర్తయింది.

నరసింహులు నాయుడు 1922లో కన్నుమూశాడు. ఆ నీరు ఇంటింటికీ చేరడాన్ని ఆయన చూడలేదు. అయితే ఆయన కాలంలో గుర్తించిన వనరు, వాదించిన కారణం ఊరి జ్ఞాపకంలోనూ కాగితాలలోనూ నిలిచి ఉండబట్టే, అనుకూల సమయం వచ్చినప్పుడు పని మొదటి నుండి మొదలు పెట్టవలసిన అవసరం రాలేదు.

2. ప్రాధాన్యం మారడానికి కారణాలు

మదురై చరిత్రలో ఇటువంటిదే మరొక ఉదాహరణ ఉంది. పడమటికి పారి సముద్రంలో కలిసే పెరియార్ నీటిని కొండ తొలిచి తూర్పున వైగై వైపు మళ్లించాలన్న ఆలోచన 18వ శతాబ్ది చివరలో రామనాథపురం సంస్థానంలో పుట్టింది. 1808లో కెప్టెన్ కాల్డ్‌వెల్ పరిశీలించి, ఇది సాధ్యం కాదని తేల్చాడు. కాగితాలు అటకెక్కాయి. 1876-78 నాటి మహాకరవు దక్షిణ దేశాన్ని కుదిపివేసిన తరువాత ప్రభుత్వం నీటిపారుదలను చూసే దృష్టి మారింది. 1882లో జాన్ పెన్నిక్విక్‌కు సవరించిన అంచనా సిద్ధం చేసే బాధ్యత అప్పగించారు. 1886లో తిరువాన్కూరు సంస్థానంతో 999 సంవత్సరాల కౌలు ఒప్పందం జరిగింది. 1887లో పని మొదలై 1895లో ఆనకట్ట ప్రారంభమైంది.

మొదట అసాధ్యమన్న పని సుమారు 90 ఏళ్లకు సాధ్యమయింది. కొండ మారలేదు, నది మారలేదు. మారినది ప్రభుత్వ ప్రాధాన్యం. ప్రాధాన్యాలు ప్రధానంగా నాలుగు కారణాల వలన మారుతాయి.

మొదటిది, విపత్తు: కరవు, వరద, అంటువ్యాధి. రెండవది, ఎన్నికల ద్వారా ప్రభుత్వం మారడం. మూడవది, చట్టం మారడం: 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు రాజ్యాంగ స్థానం కల్పించింది. నాలుగవది, నిధుల గడువు: ఏ మిషన్ అయినా కొన్ని సంవత్సరాలకే మంజూరవుతుంది. వీటిలో ఏదీ వార్డు నివాసి చేతిలో లేదు. మార్పు వచ్చిననాటికి తన వీధి పని ఏ స్థితిలో ఉందన్నది మాత్రం కొంతవరకు అతని శ్రద్ధపై ఆధారపడి ఉంటుంది.

3. ఒకే గొట్టం, మారిన వాటాలు

2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ మిషన్‌ను ప్రారంభించింది. కోయంబత్తూరు, మదురై రెండూ దానిలో చోటు పొందాయి. 2014 మార్చితో ఆ మిషన్ ముగిసింది. 2015 జూన్ 25న అమృత్, స్మార్ట్ సిటీ, ప్రధానమంత్రి ఆవాస్ యోజన అనే మూడు పట్టణ పథకాలు ఒకే రోజున మొదలయ్యాయి. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి స్మార్ట్ నగరాల జాబితాలో కోయంబత్తూరు, అదే సంవత్సరం సెప్టెంబరు జాబితాలో మదురై ఎంపికయ్యాయి. 2021 అక్టోబరు 1న అమృత్ రెండవ దశ మొదలైంది. స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది.

పథకం మారితే మారేది పేరు ఒక్కటే కాదు. ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నదీ మారుతుంది. 90 కోట్ల రూపాయల నీటి పని ఒకటి ఉన్నదని ఉదాహరణకు అనుకొందాం. పాత మిషన్ నిబంధనల ప్రకారం 10 లక్షల నుండి 40 లక్షల జనాభా గల నగర ప్రాంతాలకు కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం, నగరపాలక సంస్థ 30 శాతం భరించాలి. అంటే వరుసగా 45, 18, 27 కోట్లు. అమృత్ మొదటి దశలో 10 లక్షలు దాటిన నగరాలకు కేంద్రం వాటా మూడింట ఒక వంతు, అంటే 30 కోట్లు. రెండవ దశలో అది 25 శాతం, అంటే 22.5 కోట్లు. మిగిలినది రాష్ట్రమూ నగరమూ సమకూర్చుకోవాలి. 2011 జనాభా లెక్కలలో ఈ రెండు నగరాలూ 10 లక్షల గీతను కొద్దిగా మాత్రమే దాటాయి. అందువలన ఈ మార్పు భారం వీటిపై నేరుగా పడుతుంది. ఒక పథకంలో మంజూరు కావలసిన పని గడువు దాటి మరొక పథకంలోకి వెళితే, నగరం తన ఖజానా నుండి, అంటే చివరికి ఆస్తిపన్ను, నీటి రుసుముల నుండి, ఎక్కువ సొమ్ము వెచ్చించవలసి రావచ్చు. ఆలస్యానికి వెల ఉన్నదన్న మాటకు అర్థం ఇదే.

కోయంబత్తూరులో 24 గంటల నీటి సరఫరా పని పాత మిషన్ కాలంలో రూపుదిద్దుకొన్నది. ఆ మిషన్ ముగియడంతో అమృత్ కిందికి మారింది. పాత నగరంలోని 60 వార్డుల కోసం 2018లో 26 సంవత్సరాల నిర్వహణ ఒప్పందం కుదిరింది. మదురైకి లోయర్ క్యాంప్ నుండి ముల్లైపెరియార్ నీటిని గొట్టాల ద్వారా తెచ్చే పనిని కూడా అమృత్ కిందనే చేపట్టారు. 1895లో పొలాల కోసం మళ్లించిన నీరు నేటి ప్రాధాన్యంలో తాగునీరుగా రూపం మార్చుకొన్నదన్నమాట.

పథకంతో పాటు దాని షరతులూ మారుతాయి. పాత మిషన్ ఆస్తిపన్ను సంస్కరణను, లెక్కల పద్ధతిలో మార్పును, సేవలకు రుసుము వసూలును కోరింది. అమృత్ మొదటి దశ ప్రతి ఇంటికీ కుళాయిని ముందు నిలిపింది. రెండవ దశ శుద్ధిచేసిన నీటి పునర్వినియోగానికి, చెరువుల పునరుద్ధరణకు ప్రాముఖ్యం ఇచ్చింది. ఒకే వీధి అవసరాన్ని ఏ పథకం ముందు ఏ మాటలలో చూపాలో ఈ తేడా నిర్ణయిస్తుంది. వర్షాకాలంలో వీధిలో నిలిచే మురుగు ఒక పథకానికి కాలువ సమస్య, మరొక పథకానికి చెరువులో కాలుష్యం చేరే సమస్య. రెండూ నిజమే. అవసరాన్ని వక్రీకరించకుండా, దానిలో ఉన్న ఏ అంశం నేటి ప్రాధాన్యానికి సరిపోతుందో చూపడమే పనిని పథకంతో అనుసంధానించడం.

4. సాగిన పని, నిలిచిన పని

కోయంబత్తూరులోని రెండు నిర్మాణాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఉక్కడం-ఆత్తుపాలం వంతెన పని 2018లో మొదలైంది. 2021లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. పని సాగి, 2024 ఆగస్టులో వంతెన ప్రారంభమైంది. వెళ్ళలూరు సమీకృత బస్సు స్టాండు పని 2020లో 168 కోట్ల రూపాయల అంచనాతో 60 ఎకరాలకు పైబడిన స్థలంలో మొదలైంది. ప్రభుత్వం మారిన తరువాత ఆ పని సగంలో నిలిచిపోయింది.

ఒక్కొక్క నిర్ణయానికి అనేక కారణాలు ఉంటాయి. వాటిలో తప్పొప్పులు నిర్ణయించడం ఈ పాఠం పని కాదు. అయినా రెండింటి మధ్య కనబడే ఒక తేడాను గమనించాలి. పాలక్కాడు, పొల్లాచ్చి దారుల రద్దీ ఉక్కడం వద్ద కలుస్తుంది. అక్కడ వంతెన అవసరమన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఆ పనిని దశలుగా విడగొట్టారు. బస్సు స్టాండు విషయంలో స్థలం ఎంపికే చర్చనీయాంశమైంది. అవసరంపై ఏకాభిప్రాయం ఉండి, దశలుగా విభజింపబడిన పని ప్రభుత్వం మారినా నిలదొక్కుకొనే అవకాశం ఎక్కువ. మొదలుపెట్టే ముందే స్థలం గురించి ప్రజలతో చర్చించి తేల్చుకోవడం ఇందుకే ముఖ్యం.

5. వంతెన కింద ఇల్లు

పూర్తయిన పనికి కూడా మరొక పక్క ఉంటుంది. ఉక్కడం వంతెన దారిలో పారిశుద్ధ్య కార్మికులు నివసించే సి.ఎం.సి. కాలనీ ఉండేది. కోయంబత్తూరులో తరతరాలుగా ఈ సేవ చేస్తున్న అరుంధతీయ కుటుంబాలలో అనేకం ఇంట తెలుగు మాట్లాడతాయి. వంతెన కోసం కాలనీ ఇళ్లు తొలగించవలసి వచ్చింది. అక్కడివారు ప్రధానంగా కోరినది పని స్థలానికి దగ్గరలోనే మారు ఇళ్లు. వంతెన రహదారుల శాఖ పని. మారు ఇళ్లు నివాస మండలి పని. రెండు శాఖలకు వేర్వేరు నిధులు, వేర్వేరు గడువులు. ఒక పథకం వేగంగా సాగి, దానితో ముడిపడిన మరొక పథకం వెనుకబడితే, ఆ మధ్య కాలాన్ని భరించవలసినది కుటుంబమే.

చెరువుల విషయంలోనూ ఇదే ముడి కనిపిస్తుంది. స్మార్ట్ సిటీ కింద కోయంబత్తూరు తన 8 చెరువుల పునరుద్ధరణను ప్రధాన ప్రణాళికగా ఎంచుకొన్నది. పెరియకుళం, వాలాంకుళం గట్లు నేడు నడక దారులతో శోభిస్తున్నాయి. ఆ గట్లపై ఉండిన కుటుంబాలలో చాలామంది కీరనత్తం, మలుమిచ్చంపట్టి వంటి చోట్లకు తరలి వెళ్లారు. గట్టు అందాన్ని కొలిచే పథకం ఒకటి, ఇంటిని ఇచ్చే పథకం మరొకటి. బడి, బస్సు, పని దొరికే చోటు - వీటిని రెండింటిలో ఏది లెక్కించాలన్నది ప్రణాళిక దశలోనే అడగవలసిన ప్రశ్న.

ఇంటి పథకాలలో పత్రాల ప్రాముఖ్యం మరీ ఎక్కువ. ఆవాస్ యోజనలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకొనేవారికి సహాయం అందే విభాగం ఉంది. స్థలంపై హక్కు పత్రం లేనివారు దానిలోకి రాలేరు. తాతల నాటి నుండి ఒకే సందులో నివసిస్తున్నా, ఆ స్థలం పురంబోకుగా నమోదై ఉంటే, పట్టా సమస్య తీరేవరకు ఆ తలుపు మూసే ఉంటుంది. నివాస కాలం ఎంత పొడవైనా అది పత్రానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ సమస్యను పథకం ప్రకటించిన తరువాత కాక, ముందే తాలూకా కార్యాలయంలో పరిష్కరించుకోవడానికి ప్రయత్నించాలి.

6. వార్డు నివాసి చేయదగినవి

2016 అక్టోబరు నుండి 2022 ఫిబ్రవరి ఎన్నికల వరకు ఈ నగరాలలో ఎన్నికైన కౌన్సిలర్లు లేరు. ప్రత్యేక అధికారుల పాలన నడిచింది. స్మార్ట్ సిటీ, అమృత్ మొదటి దశల పనులు ఎక్కువగా జరిగినది ఆ సంవత్సరాలలోనే. అటువంటి కాలంలో వార్డు అవసరాలను గుర్తుంచుకొనే బాధ్యత నివాసులదే అవుతుంది. అందుకు ఈ కింది పద్ధతి ఉపకరిస్తుంది.

ఒకటి: అవసరాన్ని పథకం పేరుతో కాక, కొలతతో రాయాలి. "అమృత్ నీరు కావాలి" అనడం కంటే "ఈ వీధిలో ఇన్ని ఇళ్లు, ఇన్ని కుళాయిలు, ఇన్ని రోజులకు ఒకసారి నీరు" అని రాస్తే ఆ కాగితం ఏ పథకానికైనా పనికివస్తుంది.

రెండు: పనిని దశలుగా అడగాలి. మొదటి దశ పూర్తయితే తనంతట తానే ఉపయోగపడాలి. నీరు రాని గొట్టం, దారి లేని వంతెన వంటి సగం పనుల కంటే ఒక వీధికి పూర్తయిన కాలువ మేలు.

మూడు: పాత పత్రాలను భద్రపరచాలి. వినతిపత్రం నకలు, రసీదు, తీర్మానం సంఖ్య ఒక దస్త్రంలో ఉంచి, కొత్త పథకం వచ్చినప్పుడు కొత్త దరఖాస్తుకు జతచేయాలి. కార్యాలయాల పేర్లు కూడా మారుతాయని గుర్తుంచుకోవాలి. 1970లో ఏర్పడిన తమిళనాడు మురికివాడల నిర్మూలన మండలి 2021లో తమిళనాడు పట్టణ నివాస అభివృద్ధి మండలిగా పేరు మార్చుకొన్నది. పాత పేరున్న పత్రాన్ని పనికిరానిదని పారవేయరాదు.

నాలుగు: ప్రాంత సభకు హాజరు కావాలి. 2022లో తమిళనాడు ప్రభుత్వం వార్డు కమిటీ, ప్రాంత సభల నియమాలు ప్రకటించింది. తమిళంలో దీనిని 'పగుది సభై' అంటారు. వార్డు కమిటీకి కౌన్సిలర్ అధ్యక్షత వహిస్తారు. ఆ ప్రాంతపు ఓటర్లు ప్రాంత సభ సభ్యులు. ఇటీవల వచ్చినవారు ఓటు తమ సొంత ఊరిలోనే ఉంచుకొంటే ఇక్కడి సభలో సభ్యత్వం ఉండదు. దీర్ఘకాలం ఇక్కడే నివసించదలచినవారు పేరు మార్పించుకొనే విషయం ఆలోచించాలి.

ఐదు: సమాచారం రాతపూర్వకంగా అడగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. దరఖాస్తు తమిళంలో గాని ఆంగ్లంలో గాని హిందీలో గాని ఉండాలి. తెలుగు మాత్రమే రాయగలవారు చదువుకొన్న ఇరుగుపొరుగు సహాయం తీసుకోవడం మంచిది. "మా పని ఎందుకు ఆగింది?" అనే ప్రశ్నకు వివరణ రాకపోవచ్చు. "ఫలానా పని ఏ పథకం కింద మంజూరైంది, ఎంత ఖర్చయింది, మిగిలిన భాగం ఏ పథకానికి బదిలీ అయింది? సంబంధిత ఉత్తర్వుల నకళ్లు ఇవ్వండి" అని అడిగితే సమాధానం పత్ర రూపంలో వస్తుంది.

7. ముగింపు

సిరువాణి నీరు తాగుతున్న ఇంటిలో నరసింహులు నాయుడి పేరు అందరికీ తెలియకపోవచ్చు. ఆ నీరు రావడానికి ఏ చట్టం, ఏ ప్రభుత్వం తోడ్పడినదో అంతకంటే తక్కువమందికి తెలుసు. చట్టాలు, మిషన్లు వచ్చి వెళ్లాయి. దాహం మాత్రం ప్రతి వేసవిలోనూ తిరిగి వచ్చింది. ఆ దాహాన్ని కాగితంపై పెట్టి, తరువాతి తరానికి అందించినవారి వల్లనే పని చివరికి పూర్తయింది. నేడు ఒక వీధి కాలువ కోసం కొలతలు రాసిపెట్టే నివాసి చేస్తున్నది కూడా ఆ పనే.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ వీధిలో మధ్యలో నిలిచిన పని ఏదైనా ఉన్నదా? అది ఏ సంవత్సరంలో, ఏ పథకం కింద మొదలైంది?
2. ఆ అవసరాన్ని పథకం పేరు లేకుండా, కొలతలతో నాలుగు వాక్యాలలో రాయండి.
3. ఆ పనిని రెండు దశలుగా విడగొడితే, మొదటి దశలో ఏది ఉండాలి? ఎందుకు?
4. మీ పరిసరాలలో ఒక అభివృద్ధి పని కోసం ఇల్లు మారవలసి వచ్చిన కుటుంబాలు ఉన్నాయా? వారికి ఇల్లు కాక ఇంకేమి అవసరమైంది?
5. మీ ఇంటి స్థల పత్రం, ఓటరు నమోదు, నీటి కనెక్షన్ రసీదు - ఈ మూడూ ఎవరి పేరున, ఏ చిరునామాతో ఉన్నాయి?